ఆపరేషన్ బొప్పాయి

హత్య జరిగింది. చచ్చింది ఒక ఫ్రిజ్.

ఉదయం ఆరింటికి పరిశోధనశాల తాళం తీసిన సైంటిస్టుకి కనిపించింది ఇదీ. కంప్రెసర్ గొట్టాన్ని ఎవరో నున్నగా కోసేశారు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలున్న తొంభై ఆరు చిన్న సీసాలకీ మూతలు ఊడదీసి, పక్కనే వరసగా పేర్చి పెట్టారు. వేలిముద్రలు లేవు, అడుగుజాడలు లేవు. వచ్చినవాడు పనిమంతుడే.

ఏడింటికి, ‘తూనికల సర్వే కార్యాలయం’ అని బోర్డున్న ఒక భవనం మూడో అంతస్తులో, ఏజెంట్ గొడుగు తన చీఫ్ ఎదుట కూర్చుని ఉన్నాడు. తూనికలకీ ఆ భవనానికీ ఏ సంబంధమూ లేదు. అది రహస్య గూఢచారి శాఖ. గొడుగు అన్నది కోడ్ నేమ్. పదిహేనేళ్ళ క్రితం తనతో పాటు చేరిన ఇద్దరికి పిడుగు, చిరుత అని పేర్లు పెట్టారు. మూడో పేరు ఆలోచించే సమయానికి బయట వాన మొదలైంది. పేరు మార్చమని అతను పెట్టుకున్న అర్జీలు ఇప్పటికీ పరిశీలనలోనే ఉన్నాయి.

“సబ్‌మెరైన్ కేసు నాకేనా సార్?”

“అది పిడుగుకిచ్చాను.”

“మరి నాకు?”

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. “బొప్పాయి గుజ్జు.”

గొడుగు ముఖం మాడిపోయింది. ఆరు నెలలుగా సబ్‌మెరైన్ కోసం ఈత నేర్చుకుంటున్నాడు. కోచ్ చేత రోజూ చీవాట్లు తింటున్నాడు.

“నీలిమూత ముఠా పేరు విన్నావా?” అన్నాడు చీఫ్.

“విదేశీ ముఠా. ఆయుధాలా?”

“పిల్లల తిండి. నీలం మూతల గాజు జార్లలో పండ్ల గుజ్జు. ఆరు దేశాల్లో శిశుగృహాలకి వీళ్ళదే సప్లై. ఇన్‌స్పెక్టర్లు దారికొస్తే సరే. రాకపోతే ఫ్రిజ్‌లు చస్తాయి.”

“గుజ్జులో విషం కలుపుతున్నారా?”

“అదే అయితే ఎప్పుడో పట్టుకునేవాళ్ళం. వాళ్ళు కలిపేదేమీ లేదు. తీసేస్తున్నారు.” చీఫ్ కాగితం చూసి చదివాడు. ఆయనకీ ఈ విషయం నిన్ననే తెలిసిందని చదవడంలోనే తెలుస్తోంది. “జార్లని బాగా ఉడకబెడతారు. క్రిములు చస్తాయి, మంచిదే. ఏడాది నిలవుంటుంది, అదీ మంచిదే. కానీ వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. మిగిలింది గాజులోంచి పడే వెలుగుకీ, గోడౌన్‌లో గడిచే నెలలకీ పోతుంది. పోయినదాన్ని మళ్ళీ కలపాలి. వీళ్ళు కలపరు. లేబుల్ మీద మాత్రం గొప్ప అంకె ఉంటుంది. అది ఎప్పటి అంకె?”

“ఎప్పటిది సార్?”

“పండు కోసినప్పటిది. ఉడకబెట్టక ముందుది.”

గొడుగు ఫైలు తెరిచాడు.

“మన సైంటిస్టు గారి పద్ధతి వేరు. మూత బిగించిన ప్లాస్టిక్ సీసాని నీళ్ళలో ముంచి విపరీతమైన ఒత్తిడి ఇస్తారు. వేడి లేదు. క్రిములు చస్తాయి, విటమిన్ చాలామటుకు బతుకుతుంది. షరతులు రెండే. చల్లదనం పోకూడదు, మూత తియ్యకూడదు. ఇవాళ పదకొండింటికి కమిటీ ముందు రెండిటికీ పరీక్ష. పన్నెండింటికి సంతకం. ఎవరు గెలిస్తే మూడేళ్ళ పాటు శిశుగృహాలన్నిటికీ వాళ్ళదే సప్లై. ఫ్రిజ్‌లో తొంభై ఆరు పోయాయి. ఒక్క సీసా మిగిలింది. ఆవిడ ముందుజాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళి పాలప్యాకెట్ల వెనక దాచుకున్నారు.”

“అంటే నా మిషన్ ఒక సీసాని మోసుకెళ్ళడం.”

“చల్లగా మోసుకెళ్ళడం.” చీఫ్ ఫైలు మూశాడు. “ఇంకో మాట. నదికి అవతలున్న శిశుగృహంలో పదకొండుమంది పిల్లలకి చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. పాలు మరిగించినవి, గుజ్జు ఉడికినది, ఇంక విటమిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కాళ్ళు ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తున్నారట. అక్కడి హెడ్ నర్సు నీకు తెలుసనుకుంటా.”

తెలుసు. అతని సొంత అక్క. ఆరు నెలలుగా ఆవిడ అదే మాట ఫోన్ చేసి చెబుతోంది. ఆరు నెలలుగా అతను “అక్కా, అది మా శాఖ పని కాదు, సరైన చోట కాగితం పెట్టు” అని పెట్టేస్తున్నాడు. ఇవాళ పొద్దున్న కూడా ఒకసారి ఫోన్ వస్తే కట్ చేశాడు.

కింద గాడ్జెట్ సెక్షన్‌లో అందరూ మావయ్య అని పిలిచే బట్టతల మనిషి అతనికోసం ఒక పిల్లల బండి తయారుగా ఉంచాడు. పరుపు కింద బ్యాటరీతో నడిచే చల్లపెట్టె. పరుపు మీద టోపీ పెట్టుకున్న బొమ్మ.

“నువ్వు తండ్రివి. పాపాయిని ఎండకి తిప్పుతున్నావు. ఎవరైనా దగ్గరికొస్తే బొమ్మ ఏడుస్తుంది. జనం తప్పుకుంటారు.”

“ఆపడం ఎలా?”

“అది వచ్చే మోడల్లో.”

ఇంకో వస్తువు పెన్నులా ఉంది. లోపల ఇంకు బదులు ముదురు నీలం ద్రవం. “గుజ్జు రసం చుక్క చుక్కగా ఇందులో వెయ్యాలి. విటమిన్ సి దండిగా ఉంటే ఒక్క చుక్కకే నీలం మాయమవుతుంది. లేకపోతే ఎన్ని చుక్కలు వేసినా నీలం నీలంగానే ఉంటుంది,” అన్నాడు మావయ్య. “తుపాకీ కావాలా?”

“కావాలి.”

“అన్నీ సబ్‌మెరైన్ వాళ్ళు పట్టుకెళ్ళారు.”

ఎనిమిదింటికి పార్కు పక్కన బస్టాపు. సీసా తెచ్చే మనిషికి గుర్తు, ఆకుపచ్చ సంచి. కోడ్ ప్రశ్న, ‘ఈ బస్సు మ్యూజియం మీదుగా వెళ్తుందా?’ జవాబు, ‘వెళ్తుంది కానీ అక్కడ ఆగదు.’ గొడుగు బండి తోసుకుంటూ వెళ్ళాడు. బెంచీ మీద ఆకుపచ్చ సంచితో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

“ఈ బస్సు మ్యూజియం మీదుగా వెళ్తుందా?”

“వెళ్తుంది నాయనా, కానీ అక్కడ ఆగదు.”

గొడుగు చుట్టూ చూసి, సంచి అందుకుని లాగాడు. ఆవిడ వదల్లేదు. మళ్ళీ లాగాడు. ఆవిడ కేకలు లంకించుకుంది. సంచిలోంచి వంకాయలు దొర్లాయి. బొమ్మ ఏడుపు అందుకుంది.

“అయ్యో, నేనండీ! నేను!” ఒకావిడ పరుగున వచ్చింది. నెరిసిన జుట్టు, దారంతో కట్టిన కళ్ళద్దాలు, చేతిలో ఇంకో ఆకుపచ్చ సంచి. ఆవిడే సైంటిస్టు. “ఆ బస్సు నిజంగానే మ్యూజియం దగ్గర ఆగదండీ. ఎవర్నడిగినా అదే చెప్తారు. ఈ కోడ్ పెట్టిందెవరు?”

కోడ్ పెట్టింది గొడుగే. వంకాయలు ఏరి ఇచ్చి, పెద్దావిడకి నాలుగు క్షమాపణలు చెప్పుకున్నాడు.

సంచిలో వెండిరంగు కాగితం చుట్టిన సీసా. అరచేతిలో పట్టేంతే ఉంది. పక్కన చిన్న థర్మామీటర్ స్టిక్కరు, మూడు డిగ్రీలు. చల్లపెట్టెలో పెట్టి పరుపు కప్పారు. సైంటిస్టు ఊపిరి పీల్చుకుంది.

“కమిటీ వాళ్ళు ఈ బ్యాచ్‌ని మూడు వారాల క్రితం ఒకసారి పరీక్షించి రాసుకున్నారు. ఒక్క చుక్కకే నీలం పోయింది. ఇవాళా అలాగే ఉందని చూపిస్తే చాలు, గెలిచేస్తాం. నేరుగా కమిటీ హాలుకి పోదాం పదండి.”

అప్పుడే రెండు మోటారుసైకిళ్ళు మలుపు తిరిగాయి. నల్ల హెల్మెట్లు. ఒకడు చెయ్యి చాచి బండి పట్టుకోబోయాడు. గొడుగు వాడి మణికట్టు మెలితిప్పి, బండిని పక్క సందులోకి తోసుకుంటూ పరుగెత్తాడు. వెనక సైంటిస్టు. ఆవిడ వెనక మోటారుసైకిళ్ళు. సందంతా పూలకుండీలూ, ఆరేసిన దుప్పట్లూ. బొమ్మ ఊరంతా వినబడేలా ఏడుస్తోంది. అరుగుల మీదున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

“పసిపిల్లనేసుకుని ఆ పరుగేంటి? తండ్రివేనా నువ్వు!”

“ఎత్తుకోవయ్యా, ఎత్తుకో! గుక్క తిరగట్లేదు దానికి!”

గొడుగుకి ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ సర్వీసులో ఇంతమంది కలిసి ఎప్పుడూ తిట్టలేదు. సందు చివర ఒక తెల్లకారు కీచుమని ఆగింది. తలుపు తెరుచుకుంది.

“ఎక్కండి, గొడుగు గారూ.”

వెల్వెట్. ముదురు ఎరుపు కోటు, నల్ల కళ్ళద్దాలు, ఎక్కడా చెదరని జుట్టు. నీలిమూత ముఠాలో ఆరేళ్ళు పనిచేసి, వాళ్ళని వదిలేశానని చెప్పి, కిందటేడు గొడుగు శాఖ తరఫున మూడు నెలలు ఆ తూనికల భవనంలోనే కూర్చుని పనిచేసిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే గొడుగుకి చెప్పదలుచుకున్న మాట మరుపుకొస్తుంది. ఇవాళా వచ్చింది.

“వంతెన దగ్గర ఇంకో నలుగురున్నారు,” అంది స్టీరింగ్ తిప్పుతూ. “కమిటీ హాలు గేటు దగ్గరా ఉన్నారు. ఇప్పుడెళ్తే సీసా దక్కదు. పదిన్నర దాకా ఎక్కడైనా భద్రంగా పెట్టండి. ఆఖరి నిమిషంలో ఎస్కార్ట్‌తో వెళ్ళండి.”

“ఎక్కడ పెట్టను?”

“ఊళ్ళో మీ ఆఫీసు కంటే భద్రమైన చోటుందా?”

“నేరుగా పోదామండీ. నా మాట వినండి,” అంది సైంటిస్టు.

“డాక్టరు గారూ, ఇది సెక్యూరిటీ విషయం. మాకొదిలెయ్యండి.” ఆ మాట అన్నందుకు తర్వాత అతను తనని తాను చాలాసార్లు తిట్టుకున్నాడు.

ఆఫీసులో బయటివాళ్ళని మెట్ల దగ్గరే ఆపేస్తారు. సైంటిస్టు కింద బల్ల మీద కూర్చుంది. గొడుగు సీసా పట్టుకుని సెక్యూరిటీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు.

“తినేదా, తాగేదా?” అన్నాడు కౌంటర్ గుమాస్తా తలెత్తకుండా.

“ఇది చాలా ముఖ్యమైన ఎవిడెన్స్.”

“తినేదా, తాగేదా సార్?”

“తినేదే అనుకో. చల్లగా ఉంచాలి.”

“చివర్లో చల్లగా పెడతాం. ఇక్కడ సంతకం.”

గొడుగు చూడకుండా సంతకం చేసి, చీఫ్‌కి రిపోర్టు ఇవ్వడానికి పైకి పరుగెత్తాడు. ఎస్కార్ట్‌కి మూడు కాగితాలు నింపాలి. మూడోది దొరకలేదు. వెతికేసరికి పది దాటింది. ఈలోపు అక్క ఫోన్ ఇంకో రెండుసార్లు మోగింది. కట్ చేశాడు.

పదీ పదికి గుమాస్తా సీసాని గుడ్డ చేతితొడుగుతో అందించాడు. మీద ఆకుపచ్చ స్టిక్కరు, ‘క్షేమం’. సీసా ఒక పక్కకి ఒరిగినట్టుంది. గొడుగు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఇది కాలుతోందేమిటి?”

“ఇంకో అరగంట ఉంచితే చల్లబరిచేవాళ్ళం. మీరే తొందరపెట్టారు.”

“ఏం చేశావు దీన్ని?”

“నలభై ఒకటో రూలు సార్.” గుమాస్తా గోడ మీద కాగితం చూపించాడు. తొమ్మిదేళ్ళ క్రితం ఎవరో అప్పటి చీఫ్‌కి విషం కలిపిన మిఠాయి పంపించారు. అప్పట్నుంచీ భవనంలోకి వచ్చే ఏ తిండి పదార్థమైనా మూత తీసి, ఒత్తిడి ఆవిరి యంత్రంలో గంటసేపు ఉడికించిగానీ లోపలికి పంపరు. ఆఫీసర్లంతా క్యారియర్లు తేవడం మానేసి ఎదురు హోటల్లో తింటున్నది అందుకే. “మీకు తెలీదా సార్? కిందటేడు మీ పెరుగు కూడా ఉడికించాను కదా. నాతో గొడవపడ్డారు.”

గొడుగు నీరుగారిపోయాడు. తెలుసు. పెరుగు సంగతి నిన్న జరిగినట్టే గుర్తుంది. ఈ భవనంలో మూడు నెలలు కూర్చున్న వెల్వెట్‌కీ తెలుసు. మోటారుసైకిళ్ళ వాళ్ళు సీసా కోసం రాలేదు. మందని దొడ్లోకి తోలినట్టు అతన్ని ఆఫీసులోకి తోలడానికొచ్చారు. ముఠా ఒక ఫ్రిజ్‌ని చంపింది. మిగిలిన ఒక్క సీసానీ చంపింది తన శాఖే, తన సంతకంతోనే.

మెట్ల దగ్గర సైంటిస్టు సీసా అందుకుంది. వెలుగులో పెట్టి చూసింది. గుజ్జు మునుపటిలాగే నారింజ రంగులో నిగనిగలాడుతోంది.

“రంగు బాగానే ఉందిగా?” అన్నాడు గొడుగు ఆశగా.

“రంగు వేడికి అంత తొందరగా పోదండీ. పీచు పోదు, ఖనిజాలు పోవు. అందుకే జార్లు చూసి అందరూ బాగుందనుకుంటారు.” మూత తీసి వాసన చూసింది. ఆమె ముఖం చూడలేకపోయాడు. “ఉడికిన వాసన. మూత కూడా తీశారు కదూ? వేడి, గాలి, రెండూ.”

గొడుగు మావయ్య ఇచ్చిన పెన్ను తీశాడు. ఒక చుక్క. నీలం కదల్లేదు. మూడు. అయిదు. పదో చుక్కకి కాస్త వెలిసింది. పధ్నాలుగో చుక్కకి గానీ పోలేదు.

సైంటిస్టు అరవలేదు. అరిచినా బాగుండేది. “నాలుగేళ్ళండీ. నాలుగేళ్ళ పాటు నా గుజ్జుకి వేడి తగలకుండా కాపాడుకున్నాను. దొంగలొస్తారని ఇంట్లో దాచుకున్నాను. దొంగలు నయమండీ! కనీసం ఉడకబెట్టలేదు!” అని బల్ల మీద కూలబడింది.

అప్పుడే నాలుగోసారి ఫోన్ మోగింది. ఇంక కట్ చేసే ఓపిక కూడా లేక ఎత్తాడు.

“ఒరేయ్, చచ్చావా బతికున్నావా?” అక్క గొంతు. “ఎన్నిసార్లు చెయ్యాలిరా నీకు? ఆ జార్లే ఇంకో మూడేళ్ళట. ఇప్పుడే స్టోర్ సూపర్‌వైజరు నవ్వుతూ చెప్పిపోయాడు. నీకు చెప్తే గోడకి చెప్పినట్టే. అయినా చెప్తున్నాను, ఎందుకంటే ఇంకెవరూ ఫోన్ ఎత్తరు.”

“అక్కా, నేనే చెడగొట్టాను.”

అవతల అక్క తిట్లు ఆపింది. “ఏమైందో చెప్పు.”

చెప్పాడు. ఫ్రిజ్, సీసా, రూలు, సంతకం. రహస్యాల చట్టం ప్రకారం చెప్పకూడదు. అప్పటికి అతనికి ఆ చట్టం మీద కూడా విరక్తి పుట్టింది.

“సరే, ఆ సీసా సంగతి నాకు తెలీదు గానీ,” అంది అక్క, “మా పిల్లలు తినే జార్లు కావాలా నీకు? నా దగ్గర ఇరవై ఆరున్నాయి.”

పదీ ఇరవై అయిదుకి ఆఫీసు జీపు వంతెన దాటింది. వంతెన దగ్గర ఒక్క మోటారుసైకిలూ లేదు. ఉంటే బాగుండునని గొడుగు పళ్ళు నూరాడు. ఎవర్నో ఒకర్ని కొట్టాలని ఉంది.

శిశుగృహం వరండాలో అక్క ఎదురొచ్చింది. చంకలో తొమ్మిది నెలల పాప. చిట్టెలుక అని పిలుస్తారు. కాళ్ళు రెండూ కప్పకాళ్ళలా పక్కలకి ముడుచుకుని, కదపకుండా పడి ఉంది. అక్క గుడ్డ సర్దబోతే చెయ్యి తొడకి తగిలింది. ఆ పాప ఏడ్చిన ఏడుపు గొడుగుకి వెన్నులోకి దిగింది. పొద్దుటి బొమ్మ ఏడుపుకీ దీనికీ పోలికే లేదు.

“ఆరు నెలలుగా ఇదే చెప్తున్నాను నీకు,” అంది అక్క. “ఓ రోజు కమలాపండు పిండి రెండు చెంచాలు పట్టాను. సీలు లేని తిండి పెట్టావని మెమో ఇచ్చారు. ఫిర్యాదు రాస్తే సరైన దారిలో పంపమన్నారు. సరైన దారి ఏదని అడిగితే జవాబు లేదు. అందుకని, వచ్చిన ప్రతి పెట్టెలోంచీ ఒక జార్ తీసి దాచాను. మాట నమ్మకపోతే వస్తువైనా నమ్ముతారని.”

దుప్పట్ల గదిలో చీకటి అలమర. అందులో ఇరవై ఆరు జార్లు, నీలం మూతలు, సీలు ఊడనివి. ఒక్కోదాని మీద తెల్ల ప్లాస్టర్, దాని మీద అక్క చేతిరాతతో తేదీ. అలమర తలుపుకి ఉష్ణోగ్రతల చార్టు, రోజుకి రెండుసార్లు రాసింది. పదిహేనేళ్ళ గూఢచారి చూస్తూ ఉండిపోయాడు. తన శాఖలో ఇంత శుభ్రంగా ఎవిడెన్స్ దాచినవాడు ఒక్కడూ లేడు.

“నన్ను క్షమించక్కా.”

“అవన్నీ తర్వాత. ఆ బండి పట్టు.”

మురికి దుప్పట్ల తోపుడుబండిలో జార్లు పేర్చారు. చిట్టెలుకని ఇంకో నర్సుకి అప్పగించి అక్క జీపెక్కింది.

పదకొండూ పది. కమిటీ హాలు. పొడవాటి బల్ల చివర అధ్యక్షురాలు, పిల్లల డాక్టరుగా నలభై ఏళ్ళు పనిచేసిన ముసలావిడ. పక్కన కమిటీ కెమిస్టు, గాజు గొట్టాలు, నీలం ద్రవం. ఆయన ముందు నీలిమూత కంపెనీ వాళ్ళ శాంపిల్ జార్. ఒక్క చుక్కకే నీలం పోయింది. కంపెనీ న్యూట్రిషన్ నిపుణురాలు తెల్లకోటు, లావు కళ్ళద్దాలు సర్దుకుని వినయంగా నవ్వుతూ తల వంచింది. వేషం మారింది గానీ వెల్వెట్ నవ్వు ఎక్కడికి పోతుంది?

“రెండో శాంపిల్ రాలేదు కాబట్టి,” అని అధ్యక్షురాలు కలం తీసింది, “ఉన్నదాన్నే ఆమోదించక తప్పదు.”

తలుపు తోసుకుని దుప్పట్ల బండి లోపలికొచ్చింది. వెనక గొడుగు, సైంటిస్టు, అక్క.

“వచ్చింది మేడమ్,” అంది సైంటిస్టు. “కానీ చెడిపోయింది.”

“ఎవరు చెడగొట్టారు?”

గొడుగు గొంతు సవరించుకున్నాడు. “నేనండీ. మా ఆఫీసులో మూత తీసి గంటసేపు ఉడికించారు. అది మా రూలు.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షురాలు నవ్వలేదు. “మూడు వారాల క్రితం ఒక్క చుక్క అని నా కాగితంలో ఉంది. ఇప్పుడెన్ని?”

కెమిస్టు చూశాడు. “పధ్నాలుగు మేడమ్.”

“అంటే గంటసేపు వేడీ గాలీ ఏం చేస్తాయో ప్రభుత్వమే నాకు చూపించింది. మంచిది. అయినా దీన్ని నేను గెలిపించలేను కదమ్మా.”

“నన్ను గెలిపించొద్దండీ,” అంది సైంటిస్టు. “నేను వేడికి శత్రువుని కాను. ఉడికించిన గుజ్జు పిల్లల్ని క్రిముల నుంచి కాపాడుతుంది. ఉడికించాక ఏం పోయిందో చూసుకుని, అది తిరిగి కలిపి, గడువు ఆఖర్రోజున ఎంతుందో లేబుల్ మీద నిజం రాస్తే ఆ జార్లూ మంచివే. నిజం రాశారో లేదో చూడండి, చాలు.”

“చూశాం కదా,” అంది వెల్వెట్ మెత్తగా. “ఒక్క చుక్క.”

అక్క ముందుకొచ్చింది. కంపెనీ జార్ ఎత్తి మూత కింద నంబరు చదివింది. బండిలో వెతికి ఒక జార్ తీసి దాని పక్కన పెట్టింది. “నంబరు చూడండి డాక్టరమ్మా. ఒకే బ్యాచ్, ఒకే తేదీ. ఇది మా పిల్లలకొచ్చింది. సీలు మీరే తియ్యండి.”

అధ్యక్షురాలు స్వయంగా మూత తిప్పింది. టప్పుమంది. కెమిస్టు చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. పది. ఇరవై. ముప్ఫై. గొట్టంలో నీలం అలాగే ఉంది.

“మీ శిశుగృహంలో వేడికి పోయుంటుంది,” అంది వెల్వెట్. గొంతులో మెత్తదనం తగ్గింది.

అక్క చార్టు బల్ల మీద పరిచింది. “చీకటి అలమర. రోజుకి రెండుసార్లు రాశాను.”

“ఇంకో బ్యాచ్ చూడండి,” అంది అధ్యక్షురాలు. చూశారు. ఇంకోటి చూశారు. అయిదు జార్లలోనూ నీలం పోలేదు. పన్నెండుకి అయిదు నిమిషాలుంది.

“ఒకే నంబరు. ఒకదాంట్లో ఉంది, ఒకదాంట్లో లేదు,” అంది అధ్యక్షురాలు. “ఇదెలాగమ్మా?”

“రెండు రకాలు చేస్తారండీ,” అంది అక్క. “ఒకటి కమిటీకి, ఒకటి పిల్లలకి.”

ముసలావిడ కాంట్రాక్టు కాగితం తీసుకుని అడ్డంగా గీత కొట్టింది. సైంటిస్టు పద్ధతికి వచ్చే నెల మళ్ళీ పరీక్ష అంది. కొత్త కాగితం తీసి నాలుగు లైన్లు రాసింది. ఇవాళ్టి నుంచే శిశుగృహాల్లో తాజా పండు గుజ్జు చేసి పెట్టవచ్చు, పెట్టాలి. సుస్తీగా ఉన్న పిల్లలకి ఈ పూట నుంచే విటమిన్ మందు.

వెల్వెట్ నెమ్మదిగా తలుపు వైపు జరిగింది. తలుపుకి అడ్డంగా దుప్పట్ల బండి ఉంది. బండి మీద గొడుగు చెయ్యి ఉంది.

“ఆ సీసాతోనే కథ అయిపోయిందనుకున్నాను,” అంది కళ్ళద్దాలు తీసేస్తూ. “మీ రూలుని పూర్తిగా నమ్మాను. మూడు నెలలు నా కీరా ముక్కలు ఉడికించి పెట్టారు. కానీ ఈ నర్సెవరు? మా ఫైళ్ళలో ఎక్కడా లేదే.”

“మా ఫైళ్ళలోనూ లేదు,” అన్నాడు గొడుగు. అది చెబుతుంటే అతనికి సిగ్గేసింది.

అయిదో రోజు పొద్దున్న అతను శిశుగృహానికి వెళ్ళాడు. పనేమీ లేదు. సబ్‌మెరైన్‌లో చిరుత కూడా చేరాడని తెలిసి ఆఫీసులో కూర్చోబుద్ధి కాలేదు. అక్క ఒక గిన్నె, చెంచా చేతిలో పెట్టింది. గిన్నెలో అప్పుడే చిదిపిన బొప్పాయి.

“చేతులు కడుక్కున్నావా?”

“కడుక్కున్నాను.”

“మళ్ళీ కడుక్కో. కూర్చుని దీనికి పట్టు. నాకు ఇంకా పదిమందున్నారు.”

చిట్టెలుకని ఒళ్ళో పెట్టింది. గొడుగు బిగుసుకుపోయి కూర్చున్నాడు, కాళ్ళకి చెయ్యి తగులుతుందేమోనని భయం. మొదటి చెంచా చొక్కా మీదికొచ్చింది. రెండోది లోపలికెళ్ళింది. మూడోది ఆలస్యమైంది. పాపకి కోపమొచ్చింది. నిన్నటిదాకా కదలని కుడికాలు మడిచి, సరిగ్గా చూసి, అతని గడ్డం మీద ఫెడీమని తన్నింది.

అక్క వెనక్కి తిరిగింది. తన చేతిలో గిన్నె కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొడుగు గడ్డం రుద్దుకుంటూ, ఇంకోసారి తన్నమని పాపని బతిమాలాడు. తన్నింది.

ఆ సాయంత్రం మిషన్ రిపోర్టులో చివరి గడి, ‘విధి నిర్వహణలో గాయాలు’. అతను ఇలా నింపాడు. “గడ్డం మీద రెండు. దాడి చేసిన వ్యక్తి వయసు తొమ్మిది నెలలు. అరెస్టు చేయలేదు.”